రెక్కలు కరకరలాడాలంటే ముందు మసాలా డబ్బా మూసేయండి

మన ఇళ్లలో చికెన్ రాగానే చెయ్యి దానంతటదే అల్లం వెల్లుల్లి ముద్ద డబ్బా మీదికి పోతుంది. పెరుగు, కారం, పసుపు, గరం మసాలా, అరచెక్క నిమ్మరసం, ఓ గంట నానబెట్టడం. కూరకైతే బ్రహ్మాండం. కానీ చికెన్ వింగ్స్‌కి కూడా అదే పని చేసి ఓవెన్‌లోనో ఎయిర్ ఫ్రయ్యర్‌లోనో పెట్టారనుకోండి, పైన మసాలా నల్లగా మాడుతుంది, కింద తోలు మాత్రం తడిసిన చెప్పులా మెత్తగా సాగుతుంది. నేను మొదటి నాలుగైదుసార్లు అచ్చంగా ఇలాగే చేసి, మా ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) పనికిరాదని దాన్ని తిట్టుకున్నాను. దాని తప్పేం లేదు పాపం, నేను చేసే వరస తప్పు. వింగ్స్‌కి ముందు తోలు సంగతి చూడాలి, రుచి సంగతి తర్వాత. తోలు ఎండాలి, దాని కింద కొవ్వు కరిగిపోవాలి, కరకరలాడాలి, పొయ్యి దిగాకే సాస్ పట్టాలి. ఈ ఒక్క వరస పాటిస్తే మిగతాదంతా మీ ఇష్టం.

మొదటి గండం చికెన్ షాపులోనే ఉంటుంది. మన దగ్గర ఎక్కువ మంది స్కిన్‌లెస్ అడుగుతారు, ఈకలు పీకే మెషిన్ లేని షాపుల్లో ఈకలతో పాటే తోలు మొత్తం ఒక్క లాగుతో ఊడదీస్తారు. ఆ రెక్కలతో కూర వండుకోవచ్చు కానీ వింగ్స్ కావు. కాబట్టి వేడినీళ్లలో ముంచి మెషిన్‌లో ఈకలు తీసే షాపు చూసుకుని, "విత్ స్కిన్, రెక్కలు మాత్రమే, కిలో" అని ఒకరోజు ముందే చెప్పి పెట్టండి. ముందు రోజు ఎందుకంటే కోడికి ఉండేది రెండే రెక్కలు, కిలో రెక్కలు పోగవ్వాలంటే ఆయన ఆరేడు కోళ్లు అమ్ముకోవాలి. ఆదివారం పొద్దున ఇవి తేలిగ్గా దొరుకుతాయి, చాలామంది కూర ముక్కల్లో రెక్కలు వద్దని పక్కన పెట్టించేస్తారు కదా. అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు, తోలుతోనే, ముక్కలు కూడా కోసి ప్యాకెట్లలో దొరుకుతాయి. ఫ్రోజెన్ ప్యాకెట్ అయితే ముందు రోజే ఫ్రిజ్‌లోకి దించి పూర్తిగా కరగనివ్వాలి, బయట గట్టు మీద పెట్టి కరిగించొద్దు.

రెక్క మొత్తంగా వస్తే మీరే కోసుకోవచ్చు. రెక్కలో మూడు భాగాలుంటాయి. భుజం వైపు ఉండేది చిన్న లెగ్‌పీస్‌లా ఉంటుంది, ఒకటే ఎముక. చికెన్ లాలీపాప్ ఎక్కువగా దీంతోనే చేస్తారు, కాబట్టి షాపాయనకు "లాలీపాప్ ముక్క" అంటే వెంటనే అర్థమవుతుంది. మధ్యది పలకగా, రెండు సన్న ఎముకలతో ఉంటుంది, దీన్నే ఫ్లాట్ అంటారు. చివరిది కొస, అందులో తినడానికేం ఉండదు. కీలును వెనక్కి విరిస్తే టక్కుమంటుంది, అక్కడ కత్తి పెడితే ఎముక తగలకుండా తెగుతుంది. కత్తి ఆగిపోతే ఎముక మీద పెట్టారని అర్థం, బలం వాడకుండా కొంచెం పక్కకు జరపండి. కొసలు పారేయొద్దు, ఓ డబ్బాలో ఫ్రీజర్‌లో పోగేస్తే సూప్‌కి పనికొస్తాయి. వాటిలో తోలూ కీళ్లే ఎక్కువ కాబట్టి ఆ నీళ్లు చల్లారితే జెల్లీలా గడ్డకడతాయి.

కడగాలా వద్దా అంటే, పచ్చి చికెన్ కడగొద్దనే అమెరికాలో ఆరోగ్యశాఖ వాళ్లు చెప్తారు, ఎందుకంటే కుళాయి కింద పెట్టినప్పుడు చిందే నీళ్లతో సాల్మొనెల్లా లాంటి క్రిములు సింకు చుట్టూ గిన్నెల మీద పడతాయి. మన ఇంట్లో కడగని చికెన్ వండితే ఏం జరుగుతుందో నాకూ తెలుసు, మా అమ్మ ఆ పూట పచ్చడన్నం తింటుంది. కాబట్టి మధ్యేమార్గంగా, ధారగా కుళాయి తిప్పకుండా ఓ గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, తర్వాత సింకునూ గట్టునూ సబ్బుతో తోమేయండి.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది, తుడవడం. నీళ్లు వార్చడం కాదు, తుడవడం. టిష్యూ పేపరో, తర్వాత వేడినీళ్లలో ఉడకబెట్టగలిగే పాత నూలు గుడ్డో తీసుకుని ఒక్కొక్క ముక్కనూ అద్దండి, మడతల్లో కూడా. తోలు మీద తడి ఉన్నంతసేపు ఓవెన్ వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, తోలు వంద డిగ్రీల దగ్గరే ఉడుకుతూ కూర్చుంటుంది, ఎర్రబడదు. ఎర్రబడాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. రొట్టె కాలినప్పుడు పైన వచ్చే ఆ గోధుమరంగు, ఆ వాసన, ఇక్కడ తోలు మీద కావలసింది అదే.

తుడిచాక కిలోకి రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, ఒక టీస్పూన్ ఉప్పు కలిపి పొడి గిన్నెలో ముక్కలకు పట్టించండి. పలచగా, సమానంగా పడితే చాలు, పిండి పూసినట్టు కనిపించకూడదు. ఇది కేకు వ్యవహారం కదా ఇక్కడెందుకు అంటే, బేకింగ్ పౌడర్ కొంచెం క్షార గుణం ఉన్నది, తోలులోని ప్రొటీన్లు తేలిగ్గా విరిగేలా చేసి త్వరగా ఎర్రబడేలా చేస్తుంది, పైగా తోలు మీది తేమతో కలిసి సన్నటి గాలి బుడగలు పుట్టిస్తుంది, ఆ బుడగలే తర్వాత కరకరలాడే పొక్కులవుతాయి. ఒక్క జాగ్రత్త, ఇది వంట సోడా కాదు. నేను ఓసారి డబ్బాల మీద పేర్లు రాయని పాపానికి సోడా వేసేశాను, రంగు మాత్రం అద్భుతంగా వచ్చింది, నోట్లో పెట్టుకుంటే సబ్బు. బేకింగ్ పౌడర్ లేకపోతే రెండు చెంచాల బియ్యప్పిండి వేయండి, అంత బాగా రాదు గానీ పని జరుగుతుంది.

ఇప్పుడు వీటిని ఓ జాలీ మీద, జాలీ లేకపోతే వెడల్పాటి స్టీలు చిల్లుల పళ్లెంలో, ఒకదానికొకటి తగలకుండా పరిచి, కింద ఇంకో పళ్లెం పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. మూత లేకుండా అంటే ఇంట్లో ఎవరో ఒకరు అభ్యంతరం చెప్తారు, అందులో న్యాయం ఉంది కూడా, అందుకే అన్నిటికంటే కింది అరలో పెట్టాలి, చుక్క కారినా పెరుగు గిన్నెలో పడకుండా. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే లోపల ఫ్యాన్ తిరిగి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి తోలు బిగుసుకుని కాగితంలా అవుతుంది. పాత సింగిల్ డోర్ అయితే తేమ కొంచెం ఉంటుంది, తీశాక మళ్లీ ఒకసారి అద్దండి. రాత్రంతా టైం లేదా, కనీసం రెండు గంటలైనా పెట్టండి. అదీ లేకపోతే ఈరోజుకి పకోడీ వేసుకుని వింగ్స్ రేపు చేసుకోండి, నిజంగానే చెప్తున్నాను.

కాల్చడంలో మూడు దారులున్నాయి, మీ ఇంట్లో ఏది ఉంటే అది.

ఎయిర్ ఫ్రయ్యర్ అన్నిటికంటే తేలిక. నాలుగు లీటర్ల బుట్టలో అరకిలోకి మించి వేయొద్దు, ఒకే వరసలో ఉండాలి, ఒకదాని మీద ఒకటి పడితే ఆవిరికి మెత్తబడతాయి. 180 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి, తర్వాత 200కి పెంచి ఇంకో 6 నుంచి 8 నిమిషాలు. మొదటి దశ కొవ్వు కరగడానికి, రెండోది ఎర్రబడడానికి. నూనె వేయక్కర్లేదు, తోలులో ఉన్నదే చాలు, అయ్యాక బుట్ట కింద ఎంత కొవ్వు చేరిందో చూస్తే మీకే తెలుస్తుంది. ఆ కొవ్వు కాలి పొగ వస్తుంటే బుట్ట కింద రెండు చెంచాల నీళ్లు పోయండి.

ఓటీజీ లేదా ఓవెన్ అయితే 220 డిగ్రీలకు, అమెరికా ఓవెన్లలో 425 ఫారెన్‌హీట్‌కు, పూర్తిగా వేడెక్కాకే పెట్టాలి. ముక్కలు జాలీ మీద, కింద ట్రేలో ఫాయిల్. 25 నిమిషాలకు తిప్పి, ఇంకో 20 నుంచి 25 నిమిషాలు. ఓటీజీల్లో వెనక వైపు వేడి ఎక్కువ ఉంటుంది, తిప్పేటప్పుడు ట్రేని కూడా అటుదిటు చేయండి. చూస్తూ ఉండండి గానీ ఊరికే తలుపు తీయకండి.

మూడోది మూకుడు. నా ఓటు ఎప్పుడూ దీనికే, శుభ్రం చేసుకునే పని మాత్రం నాది కాకపోతే. దీనికి బేకింగ్ పౌడర్ అక్కర్లేదు, ఉప్పు, ఎండబెట్టడం చాలు. రెండుసార్లు వేయించాలి. మొదట నూనె మధ్యస్థంగా కాగనివ్వండి, ఓ కరివేపాకు రెబ్బ వేస్తే చిటపట పేలిపోకుండా నెమ్మదిగా బుడగలు రావాలి, థర్మామీటరుంటే 140 డిగ్రీలు. ఏడెనిమిది ముక్కలకు మించకుండా వేసి 10, 12 నిమిషాలు సన్నసెగ మీద, రంగు మారకముందే తీసేయండి. పాలిపోయి, తినబుద్ధి కాకుండా ఉంటాయి, కంగారు పడొద్దు. చల్లారనిచ్చి, తినే ముందు నూనె బాగా కాచి, 190 దాకా, మూడు నిమిషాలు వేయిస్తే చెంచాతో కొడితే టకటకమంటాయి. చుట్టాలొచ్చే రోజున ఈ పద్ధతే మేలు, పొద్దున మొదటి వేపుడు చేసి చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేసి, వాళ్లు చెప్పులు విప్పుతుండగా రెండోది మొదలుపెట్టొచ్చు. ఫ్రిజ్ నుంచి తీశాక ముక్కల మీద చెమ్మ పడితే తుడిచి మరీ వేయండి, లేకపోతే నూనె మీ ముంజేతుల మీదికి వస్తుంది. చల్లగా ఉన్నవి కాబట్టి ఒకట్రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, లోపలిదాకా వేడెక్కాలి.

ఉడికాయో లేదో రంగు చూసి చెప్పకండి. కోడి మాంసం లోపల 74 డిగ్రీలు చేరితే తినడానికి క్షేమం, కానీ రెక్కలో కీళ్ల చుట్టూ గట్టి పీచు ఎక్కువ, 85 దాటితేనే అది కరిగి మాంసం ఎముక నుంచి వదులుతుంది. బ్రెస్ట్ ముక్కలా ఇది ఎండిపోదు, నాలుగు నిమిషాలు ఎక్కువైనా నష్టం లేదు. థర్మామీటర్ లేనివాళ్లు లాలీపాప్ ముక్క సన్న కొస దగ్గర చూడండి, మాంసం పైకి ముడుచుకుని ఎముక బయటపడి ఉండాలి.

ఇక రుచి. ఇప్పుడు తెరవండి మసాలా డబ్బా.

వింగ్స్ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది బఫెలో వింగ్స్. గేదెకూ దీనికీ సంబంధం లేదు, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో అనే ఊరు అది. అక్కడ యాంకర్ బార్‌లో 1964లో తెరెసా బెలిసిమో అనే ఆవిడ, అర్ధరాత్రి కొడుకూ అతని స్నేహితులూ ఆకలంటే, సూప్‌కి పోవలసిన రెక్కలను వేయించి కారం సాస్‌లో దొర్లించి పెట్టిందని చెప్తారు. ఆ ఊరి వాళ్లు 1977లో జులై 29ని వింగ్స్ రోజుగా ప్రకటించుకున్నారు కూడా. అంత పేరున్న ఆ సాస్‌లో ఏముందయ్యా అంటే, ఊరబెట్టిన ఎర్ర మిరపకాయ, వెనిగర్, ఉప్పు, కాస్త వెల్లుల్లితో చేసిన హాట్ సాస్, దానికి వెన్న. అంతే. కిలో వింగ్స్‌కి అరకప్పు హాట్ సాస్‌ను గోరువెచ్చగా చేసి, పొయ్యి ఆపేసి, 75 గ్రాముల చల్లటి వెన్న ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ గిలకొట్టండి. మరిగిస్తే మాత్రం వెన్న విడిపోయి పైన నూనె తేలుతుంది.

ఈ సాస్ మొదటిసారి చేసుకుని వేలితో నాకి చూసినప్పుడు నాకు ఠక్కున తట్టింది, ఇది మన పండుమిరపకాయ పచ్చడికి దూరపు చుట్టం! ఎర్రగా పండిన మిరపకాయలు, ఉప్పు, పులుపుకు వెనిగర్ బదులు చింతపండు, ఓ మూడు రోజులు ఊరబెట్టి రుబ్బడం. కాబట్టి ఇంట్లో పండుమిరప పచ్చడి ఉన్నవాళ్లు బయటి సీసా కోసం వెతకక్కర్లేదు. పోపు వేయని పచ్చడి మూడు పెద్ద చెంచాలు తీసుకుని, రెండు చెంచాల వేడినీళ్లతో మిక్సీలో మెత్తగా తిప్పి, గింజలు అడ్డం వస్తే వడగట్టి, 60 గ్రాముల వెన్న, ఓ చెంచా బెల్లం తురుము, రెండు వెల్లుల్లి రెబ్బల తురుముతో గోరువెచ్చగా కలపండి. ఉప్పు ముట్టుకోవద్దు, పచ్చడిలోనూ తోలు మీదా ఇప్పటికే ఉంది. వెన్న కారాన్ని కాస్త మెత్తబరిచి నాలుక మీద పరిచినట్టు చేస్తుంది, పులుపు వెనక నుంచి వస్తుంది. మా ఇంట్లో ఇది చేశాక అసలు బఫెలో సాస్ అడిగినవాళ్లు లేరు.

ఆవకాయతోనూ చేయొచ్చు, కానీ ముక్క కాదు, జాడీలో పైకి తేలే నూనె, అడుగున ఉండే గుజ్జు కావాలి. రెండు చెంచాల గుజ్జు, ఒక చెంచా నూనె, కరిగించిన వెన్న రెండు చెంచాలు. దీన్ని పొయ్యి మీద పెట్టొద్దు, ఆవపిండి వేడికి ఘాటు పోయి చేదెక్కుతుంది. వేడి వింగ్స్ మీద చల్లటి ఆవకాయ వెన్న, ఆ ఆవిరి ముక్కుకు తగిలినప్పుడు వేరే వర్ణన అవసరం ఉండదు.

తడి సాస్ నచ్చనివాళ్లకు పొడులు. నా లెక్కలో కరివేపాకు కారం ముందు, నల్లకారం తర్వాత. వేడి ముక్కలను ముందు రెండు చెంచాల కరిగిన నెయ్యిలో దొర్లించి, రెండు మూడు చెంచాల పొడి చల్లి గిన్నె ఎగరేయండి. నెయ్యి లేకుండా చల్లితే పొడి ముక్కకు అంటుకోదు, అంతా గిన్నె అడుగున ఉంటుంది. తడి లేదు కాబట్టి ఇవి పావుగంట తర్వాత కూడా కరకరలాడతాయి, డబ్బాలో కట్టి ఇవ్వాలన్నా ఇవే మంచివి. పిల్లలుంటే మిరియాలు నిమ్మకాయ చేయండి, అమెరికాలోని అట్లాంటాలో లెమన్ పెప్పర్ వింగ్స్ అంటే ప్రాణం పెడతారు. ఒక పెద్ద చెంచా కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, పిల్లలకైతే సగం, రెండు నిమ్మకాయల పైతోలు తురుము, నెయ్యి. మన నిమ్మకాయ తోలు పలచన, తెల్లభాగం దాకా గీస్తే చేదు వస్తుంది, పైపైన గీకి వదిలేయండి. రసం మాత్రం తినేముందు ఒక్క చుక్క. తేనె వెల్లుల్లి కావాలంటే మూడు చెంచాల తేనె, రెండు చెంచాల సోయా సాస్, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, పావు చెంచా కారం, చిన్న గిన్నెలో తీగలా సాగేదాకా మరిగిస్తే చాలు, అయితే ఇందులో దొర్లించాక మళ్లీ ఓవెన్‌లో పెట్టకండి, తేనె నిమిషంలో మాడుతుంది.

సాస్ పట్టించడానికి పెద్ద గిన్నె కావాలి, ముక్కలకు రెండింతలు చోటుండేది. ఆవకాయ వెన్న తప్ప మిగతా సాస్ ఏదైనా వేడిగా ఉండాలి, ముక్కలు పొయ్యి మీంచి దిగి నిమిషం కూడా కాకూడదు, రెండు చేతులతో గిన్నె పట్టుకుని పైకి ఎగరేయండి, గరిటెతో కలిపితే మీరు రాత్రంతా కష్టపడి ఎండబెట్టిన తోలు చిరిగిపోతుంది. సాస్ ముక్కకు పూతలా ఉండాలి, అడుగున మడుగు కట్టకూడదు, మిగిలితే పక్కన గిన్నెలో పెట్టండి. పట్టించిన ఐదు నిమిషాల్లో తినేయాలి, కాబట్టి అందరూ కూర్చున్నాకే ఈ పని చేయండి, ఫోన్ మాట్లాడుతున్నవాళ్లను పెట్టేయమనండి.

పక్కన అమెరికాలో సెలెరీ కాడలు, బ్లూ చీజ్ డిప్ పెడతారు. మనకు కీరా, ముల్లంగి ముక్కలు, గుడ్డలో కట్టి నీరు కార్చిన పెరుగులో ఉప్పు, మిరియాలు, చిటికెడు వెల్లుల్లి తురుము కలిపితే సరిపోతుంది.

మిగిలితే, మిగలవు గానీ, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేసి మర్నాడు ఎయిర్ ఫ్రయ్యర్‌లో 180 దగ్గర ఏడెనిమిది నిమిషాలు వేడి చేయండి. మైక్రోవేవ్‌లో పెడితే మళ్లీ మొదటి పేరాలోని చెప్పు తయారవుతుంది. ఫ్లాట్ ముక్క తినడం రాక చాలామంది దాన్ని వదిలేసి లాలీపాప్ ముక్కలే ఏరుకుంటారు. దాని చివర రెండు ఎముకలు కనిపిస్తాయి కదా, సన్నదాన్ని పట్టుకుని మెలితిప్పి లాగితే ఒట్టి ఎముక బయటికి వస్తుంది, రెండోది కూడా అలాగే తీస్తే చేతిలో మిగిలేది ఎముక లేని ముక్క. సరిగ్గా ఉడికితేనే అలా వస్తుంది. రాలేదంటే మిగతావాటిని ఇంకో ఐదు నిమిషాలు లోపల పెట్టండి.